తొట్టి ముందు, గది తరువాత

కనకం అక్క పోయినప్పుడు వచ్చినోళ్ళంతా ఆమె చేపల పులుసు తలుచుకుని ఏడ్చినారు. ఆమె ఓర్పు తలుచుకుని ఇంకా గట్టిగా ఏడ్చినారు. ఓర్పంట, ఓర్పు. ఆ దుఃఖంలో కూడా నాకు ఒళ్ళు మండింది. ఆ ఇంట్లో ఆమెతో తోడికోడలుగా బతుకంతా గడిపినదాన్ని నేను. నన్ను ఒక్కరన్నా అడిగింటే చెప్పేదాన్ని, ఆమెకు ఉండింది ఓర్పు కాదు, నోరెత్తకుండా పని జరిపించుకునే చెయ్యి అని. స్నానాలగది సంగతి ఒక్కటి వింటే చాలు, మీకే తెలుస్తుంది.

మాది పుదుచ్చేరి. ఊరి నడుమ కాలువ, దానికి సముద్రం దిక్కున దొరల ఇళ్ళు, ఇవతల దిక్కున మనోళ్ళ ఇళ్ళు. మా పెద్దోళ్ళు ఏ తరంలోనో నెల్లూరు సీమ నుంచి వచ్చి ఈడ కుదురుకున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, దొరల దగ్గర రెండు ముక్కలు పరాసు మాట, అదే ఫ్రెంచి, అట్ల నడిచేది మా కాలం. పెద్ద యుద్ధం ఇంకా రాలేదు. కనకం అక్క మొగుడు, అంటే మా బావ ఆదికేశవన్, వేరుశనక్కాయల వ్యాపారి. పల్లెల నుంచి బండ్లలో కాయలు తెప్పించి, ఒలిపించి, దొరల కంపెనీకి తోలేవాడు. మంచి మనిషి. చెడ్డోడని నేను ఏనాడూ అనను. కానీ దొరలు ఏం చేస్తే ఆయనకు అది చెయ్యాల. మబ్బు పట్టిన రోజు కూడా ఎండ గొడుగు పట్టుకుని తిరిగేవాడు. ఆదివారం దొరల రొట్టె తెచ్చి, రసంలో ముంచుకుని, బాగుంది బాగుంది అని తానే అనుకుంటా తినేవాడు.

ఇంక స్నానాల సంగతి. మగోళ్ళకేముంది, పొద్దెక్కినాక బావి దగ్గర నిలబడి, ఊరంతా వినేటట్టు గొంతు పుక్కిలించుకుంటా పోసుకుంటారు. మాకు బావి పక్కన తాటాకు తడిక ఒకటి కట్టి ఉండింది. ముందు దాని చాటున కొంచెం తెల్లవారినాకన్నా పోసుకునేవాళ్ళం. పక్కింటి జగన్నాథన్ మిద్దె లేపినాడు చూడండి, అదీ పోయింది. ఆ మిద్దె మీద నిలబడితే మా పెరడు అన్నం పళ్ళెం మాదిరి కనపడుతుంది. ఆ పొద్దు నుంచి కోడి కూయకముందే లేచి చీకట్లో పోసుకోవాల్సిందే. ముందు మా అత్త అమ్మాయమ్మ, ఆమె తరువాత అక్క, చివర నేను. సీకాయ కంట్లో పడినా నోరు మూసుకోవాల. కాళ్ళ కింద ఏం పాకుతా ఉండాదో చూసుకునేదానికి లేదు. తడి కోక చుట్టుకుని వంటింట్లోకి ఉరికేది. ఇట్ల ఎన్నేళ్ళో.

ఒక కార్తీకంలో, వాన పడి రాయి పాచి పట్టి ఉండింది, అక్క జారి పడింది. ఎడమ మణికట్టు విరిగింది. ఎముకలు కట్టే ఆయన వచ్చి కట్టు కట్టినాడు గానీ అది నేరుగా అతకలేదు, కొంచెం పక్కకు తిరిగే ఉండిపోయింది. దానితో బిందె ఎత్తలేదు. నడుముకు ఆనించుకుని ఈడ్చుకుంటా వచ్చేది.

కాపురానికి వచ్చినాక ఆమె మొగుణ్ణి నోరు తెరిచి అడిగింది అప్పుడొక్కసారే. నేను పక్క గదిలో ఉండి విన్నాను. "నాకు నగలొద్దు, చీరలొద్దు. పెరట్లో ఒక గది కట్టించండి. లోపలి పక్క గడియ ఉండాల. పగటిపూట, వెలుతురులో, ఎవురూ చూడకుండా నిదానంగా నాలుగు చెంబులు పోసుకోవాల. అంతే." బావ ఆ వంకర చెయ్యి పట్టుకుని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. "ఆషాఢం, ఈ ఆడి నెల పోతానే మొదలుపెట్టిస్తా," అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆ మాటలో దొంగతనం లేదు.

మా ఖర్మ, ఆ నడుమనే ఒక దొర తట్టా బుట్టా సర్దుకుని సీమకు పోతా సామాను వేలం వేసినాడు. బావ ఒక కుర్చీ కొనుక్కొస్తానని పోయినాడు. సాయంత్రానికి ఎద్దుబండి మీద, తాళ్ళతో కట్టి, ఒక తొట్టి తోలుకొచ్చినాడు. తెల్లగా, నున్నగా, ఇనప తొట్టి. మనిషి పడుకునేంత పొడుగు. ఒక పక్క తల ఆనించుకునేదానికి వాలుగా ఉంటుంది, కాళ్ళ పక్క నీళ్ళు పోయేదానికి బొక్క. కింద నాలుగు సింహం పాదాలు. బండి వెనక వీధిలో ఉండేవాళ్ళంతా నడిచొచ్చినారు. పెరట్లో దింపేదానికి ఎనమండుగురు పట్టినారు.

బెస్తోళ్ళ పల్లె కురుచికుప్పం నుంచి మాకు చేపలు తెచ్చే పూంగొడి ఆ పొద్దే వచ్చింది. తట్ట దింపి, తొట్టి చుట్టూ ఒక చుట్టు తిరిగి, లోపల చెయ్యి పెట్టి చూసి, "పడవ కొన్నారా అమ్మా," అని అక్కను అడిగింది. "ఇంత లోతుతో అల దాటదు. అడుగున బొక్క కూడా ఉండాది. మిమ్మల్ని ఎవురో మోసం చేసినారు." బావ మొహం మాడిపోయింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చేసింది.

మా అత్తకు అది ఎందుకో చెప్పేదానికి బావ తల ప్రాణం తోకకు వచ్చింది.

"ఇందులో నీళ్ళు నింపుకుని పడుకుంటారమ్మా," అన్నాడు.

"ఒళ్ళు యాడ రుద్దుకుంటారు?"

"అందులోనే."

"మురికి?"

"అందులోనే పోతుంది. సబ్బు వేస్తారు. నురగ వస్తుంది."

"కాళ్ళు కడిగిన నీళ్ళలో తల ముంచుకుని, దాన్ని స్నానం అంటారా," అనింది అత్త. "అయితే ఆ స్నానం అయినాక, ఒళ్ళు కడుక్కునేదానికి యాడికి పోతారు?" బావ గొడుగు తీసుకుని బయటికి పోయినాడు.

అయినా ఆయన పట్టు విడవలేదు. ఆ నిమిషం నుంచి కట్టాల్సిన గది అక్కది కాకుండా పోయింది. తొట్టిదయింది.

మునియప్పన్ అని మేస్త్రిని పిలిపించినాడు. నోట్లో ఎప్పుడూ ఆకు ఉంటుంది, మాట తక్కువ. గది యాడ రావాలనేదాంట్లో తకరారు లేదు. ముందు కూటం, అంటే బావ బేరగాళ్ళను కూర్చోబెట్టే పెద్ద సావిడి. దాని వెనక గోడకు ఆనించి పెరట్లో గది. గదికి దక్షిణాన సందు, సందులో మురుగు కాలువ. ఉత్తరాన జగన్నాథన్ గోడ. పడమట మా బావి, దాని పక్కన వంటిల్లు. ఇంతవరకు అందరూ సరే అన్నారు. తొట్టిని గదిలో ఏ దిక్కుకు పెట్టేది అనే మాట వచ్చేసరికి మా ఇంట్లో శాంతి పోయింది.

నీళ్ళు పోవాల్సింది దక్షిణాన కాలువలోకి. అంటే కాళ్ళు దక్షిణానికి, తల ఉత్తరానికి. "ఉత్తరం దిక్కు తల పెట్టి ఎవురన్నా పడుకుంటారా," అని అత్త నెత్తి కొట్టుకుంది. సరే, తిప్పితే, తల దక్షిణం. అప్పుడు బొక్క ఉత్తరాన జగన్నాథన్ గోడకు వస్తుంది, ఆ గోడ అవతల వాళ్ళ దేవుడి గది. మనం స్నానం చేసిన నీళ్ళు వాళ్ళ దేవుడి కాళ్ళ కిందికి పోతే ఊరుకుంటారా. తల తూర్పుకు పెడితే నీళ్ళు బావి దిక్కుకు పోతాయి. తల పడమరకు పెడితే నీళ్ళు కూటంలోకి, బేరగాళ్ళ చాప కిందికి పోతాయి. బావ పెరట్లో నిలబడి నాలుగు దిక్కులూ చూసినాడు. మా ఆయన దామోదరన్ అన్న మీద భక్తితో పక్కనే నిలబడి తానూ నాలుగు దిక్కులు చూసినాడు. ఈయన చూసి ఏం కనిపెడతాడో నాకు తెలుసు.

చివరికి మునియప్పన్ ఆకు ఉమ్మేసి, "మూలకు మూల పెడదాం మొదలాళీ," అన్నాడు. మొదలాళీ అంటే అరవంలో యజమాని. తల ఆగ్నేయానికి, కాళ్ళు వాయవ్యానికి. ఆడనుంచి గది చుట్టూ చిన్న కాలువ తవ్వి, మలుపులు తిప్పి సందులోకి దింపుతాడంట. అత్తకు కూడా వంక దొరకలేదు. బావకు పట్టలేని సంతోషం. అప్పుడే కొలతలు వెయ్యాలన్నాడు. తొట్టిని జరిపేదానికి మళ్ళీ ఎనమండుగురు కావాల, యాడ తెచ్చేది. అందుకని తానే ఉతికిన పంచెతో నేల మీద వెల్లకిల పడుకుని, తల ఆగ్నేయానికి పెట్టి, చేతులు కట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మునియప్పన్ ఆయన చుట్టూ సున్నప్పొడి పోసుకుంటా వచ్చినాడు. అప్పుడే వెనక వాకిట్లో నుంచి వచ్చిన పూంగొడి ఆ కొలువు చూసి, తట్ట దించకుండానే వెనక్కు తిరిగింది. వాళ్ళ కుప్పంలో ఏం చెప్పిందో ఏమో, మరుసటి రోజు ఇద్దరు ముగ్గురు పలకరించేదానికి వచ్చినారు.

ఆ సాయంత్రానికి పెరట్లో సున్నం గీతలతో గది తయారయింది. మేము చూసేదానికి పోయినాం. తొట్టి మూలకు మూల పరుచుకుని ఉండాది. మనిషి నిలబడేదానికి చోటు లేదు.

"నీళ్ళు కాచుకునే పొయ్యి యాడ?" అని అక్క మెల్లగా అడిగింది.

"వంటింట్లో కాచి తెచ్చి పోస్తారు," అన్నాడు బావ.

"దీనికి ఎన్ని బిందెలు పడతాయి?"

"ముప్పై, నలభై."

"ఎవురు తెచ్చేది?"

బావ గీతల్లోకి చూస్తా నిలబడినాడు. అక్క వాకిలి సంగతి అడిగింది. వాకిలి కూటంలోకి తెరుచుకుంటుందంట. "బేరానికి వచ్చినోళ్ళకు తొట్టి కనపడద్దా," అన్నాడు. "పైన కప్పులో రెండు అద్దాల పెంకులు వేయిస్తా. వెలుతురు నేరుగా దాని మీద పడి మెరుస్తా ఉంటుంది."

"ఆ దోవన, అంతమంది మగోళ్ళ నడుమ, తడి తలతో మేము ఎట్ల వచ్చేది?"

"దొరసానులు రావడం లేదా," అన్నాడు. అది ఆయనకు పెద్ద జవాబు. ఆ పొద్దు అక్క రసంలో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది, ఆమె కాపురంలో అట్లాంటిది నేను చూడలేదు. మళ్ళీ అడగదని నాకు తెలుసు. చీకట్లో ఆ పాచిరాయి మీద ఇంకోసారి జారి పడితే ఏది విరుగుతుందో అని నాకు దిగులు. గడియ ఉండే గది, ఆమె అడిగింది అంతే. దాన్ని సింహం పాదాలు తొక్కేసినాయి.

తెల్లారింది. అక్క ఎప్పుడూ మాదిరి పేడనీళ్ళు కలిపి పెరడంతా కళ్ళాపి చల్లింది. పెరట్లో తులసికోట ఉండాది గదా, చల్లకుండా కుదరదు. బావ లేచి వచ్చి చూస్తే గీసిన గది లేదు, గీసిన తొట్టి లేదు, పచ్చగా నేల. గొంతు చించుకున్నాడు. అత్త వక్కాకు నలుపుతా నిదానంగా చెప్పింది, "ఎవురన్నా పోయిన ఇంట్లోనే నాయినా వాకిట్లో నీళ్ళు చల్లరు. నీ గీతల కోసం మానేయమంటావా?" ఆయన మునియప్పన్‌కు మళ్ళీ కబురు పంపినాడు. ముందే శవం మాదిరి పడుకుని కొలతలిచ్చినోడు, ఆ మాట ఇంకా పొడిగించుకుంటాడా.

ఇంకొక ఇబ్బంది. అప్పుడు ఆడి నెల పుట్టింది. ఆ నెలలో గుంత తవ్వరు, ముహూర్తం పెట్టరు. మరుసటి నెల ఆవణి వచ్చేదాకా గది నేల మీద గీతగానే ఉండాల. రోజూ సాయంత్రం మునియప్పన్ వచ్చి గీసేది, రోజూ తెల్లారి అక్క చెరిపేసేది. నాలుగు రోజులకు మునియప్పన్ విసుక్కున్నాడు. అప్పుడు అక్క బావకు కాఫీ లోటా అందిస్తా, "మేస్త్రి ఎందుకు తిరిగేది, చల్లినాక నేనే ముగ్గుపిండితో ఆ గీతలు మళ్ళీ వేస్తాలే," అనింది. "నా చేతికి గీత వంకర పోదు." అది నిజమే. ఆమె ముగ్గు వేస్తే దారం పట్టి వేసినట్టు ఉంటుంది. బావ పొంగిపోయినాడు. ఇన్నాళ్ళకు తన పెండ్లాం తొట్టి విలువ తెలుసుకుందని వచ్చిన ప్రతి బేరగాడికీ చెప్పినాడు.

ఆ నెలంతా రోజూ అక్క కళ్ళాపి చల్లేది, తులసి ముందు ముగ్గు వేసేది, పక్కనే గది వేసేది. నేను బావి దగ్గర బిందెలు తోముకుంటా ఉండినాను గానీ ఏం జరుగుతా ఉండాదో నాకు తట్టలేదు. బావ విత్తనపు కాయల కోసం పల్లెలెంబడి తిరుగుతా ఉండినాడు. ఇంట్లో ఉండే రోజు కూటం గడపలో నిలబడి, లోటా చేతిలో పట్టుకుని, గీతల దిక్కు చూసి, తల ఆడించి పోయేవాడు. ఒక పొద్దు నేను ఎండిన గుడ్డలు తీసుకుంటా ఆ గీత దాటబోయి ఆగినాను. తొట్టికీ గోడకూ నడుమ ఇంత చోటు ఉండిందా? మూలకు మూల ఉండాల్సిన తొట్టి ఎందుకో ఒక పక్కకు ఒత్తిగిల్లింది. చిన్నగా కూడా అయింది.

అక్క దిక్కు చూసినాను. పిండి చేటలో వేళ్ళు ముంచి, వంగి, గీత లాగుతా ఉండాది. "వేలెడే తిలగా," అనింది తల ఎత్తకుండా. "రోజుకు వేలెడు."

అప్పుడు నాకు వచ్చిన నవ్వు ఆపుకునేదానికి బిందెలో తల పెట్టినాను. ఆ రోజు నుంచి నేను కావలి. బావ లేస్తే దగ్గాల. ఒక రోజు తొట్టి తగ్గుతుంది. ఒక రోజు నడిమధ్యన చదరంగా ఒక బండ వస్తుంది, కూర్చుని పోసుకునేదానికి. ఒక రోజు మూలలో గుండ్రంగా సున్న మాదిరి ఒకటి మొలుస్తుంది, అది నీళ్ళు కాచే అండాకు పొయ్యి. కానీ వాకిలి జరిపేదానికే అక్కకు చేతులు రాలేదు. వాకిలి జరిగితే ఎవురికన్నా తెలిసిపోతుంది. కూటం దిక్కున ఉండేదాన్ని పడమటి పక్కకు, వంటింటి దిక్కుకు తేవాల. ఒక ఉదయం అట్ల చేట పట్టుకుని ఆలోచిస్తా నిలబడి ఉండాది. వెనక నుంచి అత్త వచ్చింది. నాకు దగ్గే వ్యవధి కూడా లేదు.

అత్త గీతలన్నీ చూసింది. తొట్టి చూసింది, బండ చూసింది, పొయ్యి చూసింది. ఆమెకు కళ్ళు మసకే, కానీ ఎన్నేళ్ళుగానో చీకట్లో పోసుకున్న మనిషి. కూటం దిక్కున ఉన్న వాకిలి గీతను కాలి బొటనవేలుతో చెరిపేసింది. తరువాత వంటింటి దిక్కుకు నడిచి, ఆ గోడ గీతలో అదే వేలుతో సందు చేసింది. ఒక అడుగు వెనక్కేసి చూసి, ఇంకొంచెం వెడల్పు చేయబోయి, ఆగింది. "వద్దు. వెడల్పయితే అది పడుతుంది," అని తొట్టి దిక్కు గడ్డం ఎత్తి చూపించి, వక్కాకు వేసుకునేదానికి లోపలికి పోయింది.

ఆవణిలో మంచి రోజు చూసి మునియప్పన్ మనుషులతో వచ్చినాడు. గీతల మీద పుల్లలు నాటబోయి గడ్డం గీక్కున్నాడు.

"మొదలాళీ, తొట్టి కొంచెం చిన్నదయినట్టు లేదా?"

అక్క వంటింటి వాకిట్లో బియ్యం చెరుగుతా చేట ఆపేసింది. బావ వచ్చి చూసినాడు. చూసినాడే గానీ, ఆయనకు ఏం గుర్తుంటుంది పాపం. నెలంతా గడపలో నుంచే తల ఆడించినాడు. కానీ కూలివాళ్ళందరి ముందర, తాను పడుకుని కొలతలిచ్చిన గది తనకే తెలియలేదంటే మర్యాదేముంది.

"నువ్వు గీసిందే గదా," అన్నాడు.

"వాకిలి ఇటా ఉండింది?"

"ఇటే గదా. నీకు రాత్రి తాగింది ఇంకా దిగలే మాదిరుండాది."

మునియప్పన్ నా దిక్కు చూసినాడు, అక్క దిక్కు చూసినాడు. ఆకు నోట్లో వేసుకున్నాడు. "మొదలాళి చెప్తే సరి," అని పార అందుకున్నాడు. ఆ మనిషి నోట్లో ఆకు చల్లగుండ.

గోడలు లేచినాయి. కప్పు వేసినారు. బావ మాట మీద నిలబడి రెండు అద్దాల పెంకులు తెప్పించి వేయించినాడు. నడుమ బండ వచ్చింది, మూలలో పొయ్యి కట్టి రాగి అండా కుదిర్చినారు. నీళ్ళు జారి సందులోకి పోయేటట్టు నేల వాలుగా వేసినారు. తలుపుకు లోపలి పక్క, నా ముంజేయంత గడియ. బావ వ్యాపారం పని మీద హడావిడిగా ఉండి లోపలికి తొంగి చూడలేదు. తొట్టి పెట్టినాకనే చూస్తానన్నాడు, అది ఆయనకు పండగ.

ఆ పండగ శుక్రవారం వచ్చింది. పొద్దున్నే ఎనమండుగురు తొట్టిని ఎత్తి కొత్త తలుపు దగ్గరికి తెచ్చినారు. నేరుగా పట్టలేదు. పక్కకు తిప్పినారు, పట్టలేదు. నిలబెట్టినారు, సింహం పాదాలు చెక్కకు తగులుకున్నాయి. బావ చెమటలు కక్కుకుంటా మూరతో తలుపు కొలిచినాడు, తొట్టి కొలిచినాడు, లోపలికి పోయి బండ దగ్గర నిలబడి గది కొలిచినాడు. బయటికి వచ్చినప్పుడు ఆయన మొహం చూస్తే నాకే జాలేసింది. "నేనే పడుకున్నాను గదా," అన్నాడు మా ఆయనతో. "నేను కుంచించుకుపోయినానా?" మా ఆయన అన్నను ఎగాదిగా చూసి, లేదన్నాడు.

ఆ జాలి నాకు ఎంతోసేపు నిలవలేదు. బావ తేరుకుని, "గోడ పగలగొట్టు మునియప్పా," అన్నాడు. "కూటం దిక్కున గోడ తీసెయ్. ఆ బండ పీకెయ్. పొయ్యి తీసెయ్. మళ్ళీ మొదటి నుంచి కడదాం." మునియప్పన్ మెల్లగా, చాలా మెల్లగా, గడ్డపార తెచ్చేదానికి పోయినాడు. తొట్టిని తలుపుకు అడ్డంగా అట్లనే దింపేసి మిగిలినోళ్ళు కల్లు దుకాణం దోవ పట్టినారు.

అయిపోయింది అనుకున్నాను. నెలంతా పడిన పాటు మట్టిలో కలిసింది. అక్క మొహం చూసేదానికి నాకు ధైర్యం చాల్లేదు.

అక్క వంటింట్లో నుంచి బయటికి వచ్చింది. ఒక చేతిలో నూనె గిన్నె, ఒక చేతిలో సీకాయ డబ్బా, భుజం మీద ఆరిన కోక. తొట్టికీ గోడకూ నడుమ పక్కకు తిరిగి, కడుపు లోపలికి పట్టుకుని, సందులో నుంచి దూరి గదిలోకి పోయింది. గడియ పడిన చప్పుడు మా అందరికీ వినపడింది. అండా కింద మంట ఎప్పుడు రాజేసిందో ఏమో, నేను చూడనే లేదు.

బావ అత్త దిక్కు తిరిగినాడు. "అమ్మా, ఆమెను బయటికి రమ్మను," అన్నాడు.

"శుక్రవారం తలంటు పోసుకునే ఆడదాన్ని నేను పిలవను," అనింది అత్త.

గడ్డపార భుజాన వేసుకుని మునియప్పన్ చింతాకు మాదిరి ముడుచుకుని నిలబడినాడు, ఆడమనిషి స్నానం చేసే గది గోడ ఎవురు పగలగొడతారు. లోపల నీళ్ళ చప్పుడు. చెంబు బండ మీద పెట్టిన చప్పుడు. మళ్ళీ నీళ్ళు. తొందర లేని నీళ్ళు. ఆ ఇంట్లో ఒక ఆడది అట్ల పోసుకోవడం నేను అప్పుడే విన్నాను. ఎండ ఎక్కింది. తరువాత నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. ఎంతసేపయినా మళ్ళీ వినపడలేదు.

బావ మొహంలో కోపం పోయింది. గొడుగు కింద పడేసి తొట్టి మీది నుంచి వంగి తలుపు తట్టినాడు. "కనకం," అన్నాడు. పది మందిలో ఆయన ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "జారినావా? ఏమే, జారి పడినావా?"

"లేదండి," అనింది అక్క లోపల నుంచి.

"మరి ఏం చేస్తా ఉండావు?"

"ఏం చెయ్యడం లేదు. బండ మీద కూర్చోనుండా. పైనుంచి ఎండ వచ్చి మోకాళ్ళ మీద పడతా ఉండాది. పెండ్లయినప్పటి నుంచి నేను నా కాళ్ళు ఇట్ల వెలుతురులో చూసుకోలేదండి. ముసలి కాళ్ళయిపోయినాయి. చూసుకుంటా ఉండా."

బావ ఆ తలుపు మీద చెయ్యి తియ్యకుండా అట్లనే నిలబడినాడు. అత్త వక్కాకు నమలడం ఆపేసింది. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోనూ లేదు.

ఆయన వెనక్కు తిరిగి చేత్తో మునియప్పన్‌ను పొమ్మన్నాడు. రేపు రమ్మంటారా అని మునియప్పన్ సైగ చేసినాడు. బావ వద్దని తల అడ్డంగా ఊపినాడు. తరువాత తలుపుకు అడ్డంగా ఉన్న తొట్టిని చూసినాడు. పంచె ఎగ్గట్టి, దాని అంచు రెండు చేతులా పట్టుకుని, పళ్ళు బిగబట్టి లాగడం మొదలుపెట్టినాడు. ఎనమండుగురు మోసే ఇనప తొట్టి అది. జానెడు కదిలింది. మళ్ళీ జానెడు. మా ఆయన సాయం పట్టబోతే వద్దన్నాడు. నేల చెక్కుకుపోతా కిర్రుమని శబ్దం.

"ఏందండీ ఆ చప్పుడు?" అని అక్క లోపల నుంచి అడిగింది.

"ఏం లేదు," అన్నాడు బావ రొప్పుతా. "నువ్వు వచ్చేటప్పుడు కాలికి తగలకుండా అడ్డం తీస్తా ఉండా. తొందరేం లేదు, నువ్వు నిదానంగా రా."